క్లిప్పులున్న పిల్లలు, ఆటలు, పళ్ల రక్షణ

పలువరుస సరిచేయడానికి పళ్లకు క్లిప్పులు, తీగలు, రబ్బర్లు, పారదర్శక తొడుగులు పెట్టించుకున్న పిల్లలకు ఆటల్లో నోటికి, దవడకు దెబ్బ తగలకుండా చూసుకోవడం, తగిలితే వెంటనే చేయాల్సింది చేయడం ఈ వ్యాస విషయం. పిల్లల దంతవైద్యం, ఆర్థోడాంటిక్స్, క్రీడా వైద్యం మూడూ ఇక్కడ కలుస్తాయి. ఆర్థోడాంటిక్ చికిత్స ఎక్కువమందికి 10–14 ఏళ్ల మధ్య మొదలై ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల దాకా సాగుతుంది. బడి జట్టులో చోటు దొరికేదీ, జిల్లా పోటీలకు ఎంపికయ్యేదీ, అకాడమీలో చేరేదీ అదే వయసులో. దాంతో కొన్ని ఇళ్లలో ‘క్లిప్పులు తీసేదాకా ఆటలు బంద్’ అంటారు. మరికొన్ని ఇళ్లలో ఏ జాగ్రత్తా లేకుండా మైదానానికి పంపేస్తారు. రెండూ సరికాదు. పళ్లకు తొడిగే తగిన మౌత్‌గార్డ్ ఉంటే క్లిప్పుల కోసం దాదాపు ఏ ఆటనూ వదులుకోనక్కర్లేదు. అయితే మామూలు పిల్లలకు సరిపోయే గార్డు వీళ్లకు సరిపోదు. పళ్లు కదులుతున్నంత కాలం గార్డు కూడా మారుతూ ఉండాలి. తల్లిదండ్రులు, కోచ్‌లు తరచుగా పట్టించుకోనిది ఈ సంగతే.

ముప్పు ఎక్కడుంది

ఆటల్లో పళ్లకు దెబ్బ తగిలిందంటే చాలాసార్లు అది పైవరుస మధ్యలోని రెండు పళ్లకే. ఆ శాశ్వత పళ్లు 7–8 ఏళ్లకు బయటికొస్తాయి, వేరు కొస పూర్తిగా ఏర్పడడానికి సుమారు 10 ఏళ్లు నిండాలి. ఎత్తుపళ్లున్న పిల్లల్లో ముప్పు ఇంకా ఎక్కువ. పై పళ్లు కింది పళ్లకన్నా 2–3 మిల్లీమీటర్లు ముందుకుండడం మామూలే. ఆ దూరం 3 మిల్లీమీటర్లు దాటితే పళ్లకు దెబ్బ తగిలే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని, అంతవరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 1999 నాటి విశ్లేషణ తేల్చింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. పెదవులు పూర్తిగా మూసుకోని నోట్లో పళ్లే ముందు నిలబడి దెబ్బ తింటాయి, పెదవి అడ్డు ఉండదు. ఎత్తుపళ్లను చిన్న వయసులోనే కొంత లోపలికి సర్దితే ముందరి పళ్ల గాయాలు తగ్గుతాయని వైద్య పరిశోధనలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ సమీక్షలు కూడా చెబుతున్నాయి. ఆ రకంగా చూస్తే చికిత్స కూడా ఒక రక్షణే. కాకపోతే ఆ ఫలితం అందేలోగా గడిచే నెలలున్నాయి కదా, జాగ్రత్త వాటికే కావాలి.

పన్ను ఎముకలో సిమెంటు పోసి నిలబెట్టిన స్తంభంలా ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన నారపొర ఉంటుంది. తీగ నెమ్మదిగా ఒత్తుతుంటే ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, లాగుడు పడిన వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఈ పని నడుస్తున్నప్పుడు నారపొర వెడల్పవుతుంది, పన్ను వేలికి కాస్త కదిలినట్టు తెలుస్తుంది. చికిత్సలో ఇది సహజమే. కానీ అప్పుడే మోచేయి తగిలితే గట్టిగా ఉన్న పన్ను తట్టుకునే దెబ్బను ఈ పన్ను తట్టుకోలేకపోవచ్చు.

తీగ వల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. పక్కపక్క పళ్లన్నీ తీగతో కట్టి ఉంటాయి కాబట్టి దెబ్బను ఒక్క పన్నే మోయకుండా అన్నీ కొంత పంచుకుంటాయి. ఊడిన పన్ను నేలమీద పడకుండా తీగకు వేలాడుతూ దొరికిన సందర్భాలూ ఉంటాయి. అదే తీగ దెబ్బకు వంగితే పక్కనున్న పళ్లను కూడా పక్కకు లాగేస్తుంది.

అయితే క్లిప్పులున్న పిల్లల్లో తరచుగా కనిపించే గాయం పన్నుది కాదు, పెదవిది. పెదవి లోపలి చర్మం ఒకవైపు బంతికో మోచేతికో, మరోవైపు పళ్లకు అతికించిన లోహపు బ్రాకెట్ల అంచులకూ మధ్య నలిగి చీలుతుంది. ఒక్కోసారి పెదవి బ్రాకెట్‌కు గుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది. బుగ్గల లోపలా అంతే. పళ్లకు ఏమీ కాకపోయినా కుట్లు పడే పరిస్థితి రావచ్చు. కాబట్టి క్లిప్పులున్నవారి గార్డుకు రెండు పనులు. పళ్లను దెబ్బ నుంచి కాపాడాలి, పెదవులను పళ్లమీది లోహం నుంచి కాపాడాలి.

ఆటను బట్టి దెబ్బ

అంతర్జాతీయ దంతవైద్య సమాఖ్య 1990లో ఆటలను పళ్ల ప్రమాదాన్ని బట్టి రెండు వర్గాలు చేసింది. హాకీ, రగ్బీ, అమెరికన్ ఫుట్‌బాల్, యుద్ధవిద్యలు, స్కేటింగ్ వంటివి ఎక్కువ ప్రమాదంలో, బాస్కెట్‌బాల్, జిమ్నాస్టిక్స్, స్క్వాష్, వాటర్‌పోలో వంటివి మధ్యస్థంలో చేరాయి. ఈ విభజన పాశ్చాత్య దేశాల ఆటల చుట్టూ తిరుగుతుంది. మన పిల్లలాడే ఆటలను విడిగా చూడాలి.

కబడ్డీలో బంతి ఉండదు కాబట్టి ముఖానికి ప్రమాదం లేదనుకుంటారు. ఇక్కడ తగిలేది మోకాలు, మోచేయి, ఎదుటివాడి తల. కాలు పట్టుకోవడానికి వంగిన డిఫెండర్ ముఖం సరిగ్గా రైడర్ మోకాలి ఎత్తులో ఉంటుంది. నలుగురు ఒక్కసారిగా మీద పడితే కిందున్నవాడి నోరు మట్టిలోనో మ్యాట్ మీదో నలుగుతుంది. ఇక గార్డు వేసుకోవడంలో ఈ ఆటకు మాత్రమే ఉన్న చిక్కు కూత. రైడర్ ‘కబడ్డీ, కబడ్డీ’ అని రిఫరీకి వినబడేలా ఆపకుండా పలుకుతూనే ఉండాలి. కూత తెగితే ఔటే. దవడ బిగించి పట్టుకుంటేనే నిలిచే చవక గార్డుతో కూత పెట్టడం కుదరదు. పిల్లవాడు దాన్ని తీసి జేబులో పెట్టుకుంటాడు, అందులో వాడి తప్పేమీ లేదు. పై పళ్లకు అతుక్కుని తనంతట తాను నిలిచే గార్డు అయితే కొన్నాళ్ల సాధనతో కూత పెట్టవచ్చు. అమెరికా ఉన్నత పాఠశాలల క్రీడా సమాఖ్య నిబంధనల్లో ఈ సందర్భానికి దగ్గరి పోలిక ఉంది. అక్కడి కుస్తీలో అందరికీ గార్డు తప్పనిసరి కాదు, క్లిప్పులున్న కుస్తీ ఆటగాళ్లకు మాత్రం తప్పనిసరి. ఆ దేశంలో బడికెళ్లే తెలుగు పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. మన బడుల కబడ్డీకి కూడా ఇలాంటి చిన్న నియమం ఒకటి సరిపోతుంది.

క్రికెట్‌లో పురుషుల పోటీ బంతి బరువు 155.9 నుంచి 163 గ్రాములు. వీధుల్లో, ఖాళీ స్థలాల్లో ఆడే కార్క్ బంతి కూడా గట్టిదే, పైగా ఎగుడుదిగుడు నేలమీద అది ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. బ్యాట్స్‌మన్‌కు ముందువైపు గ్రిల్ ఉన్న హెల్మెట్టే ముఖ్యం. బంతి దూరని గ్రిల్ ఉంటే పళ్లకూ రక్ష దొరుకుతుంది. వికెట్ల దగ్గర నిలబడే కీపర్, దగ్గరి ఫీల్డర్ మాత్రం తరచుగా ఖాళీ ముఖంతోనే ఉంటారు. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు 18 ఏళ్లలోపు వారికి బ్యాటింగ్‌లోనూ, వికెట్లకు దగ్గరగా నిలబడి కీపింగ్ చేసేటప్పుడూ గ్రిల్ ఉన్న హెల్మెట్ పెట్టుకోవాలంటుంది. 15 ఏళ్లలోపు పిల్లలను బ్యాట్స్‌మన్‌కు మరీ దగ్గరగా ఫీల్డింగ్‌కు నిలబెట్టకూడదని కూడా దూరాలు నిర్ణయించింది. 2002లో ఆంటిగ్వా టెస్టులో వెస్టిండీస్ బౌలర్ మెర్విన్ డిల్లన్ బంతికి దవడ విరిగినా అనిల్ కుంబ్లే ముఖానికి కట్టు కట్టుకుని వచ్చి 14 ఓవర్లు వేసి ఆ జట్టు బ్యాట్స్‌మన్ లారాను ఔట్ చేసిన కథ మనవాళ్లకు కంఠతా వచ్చు. అది వయసొచ్చిన వృత్తి ఆటగాడు తెలిసి తీసుకున్న నిర్ణయం. పన్నెండేళ్ల పిల్లవాడికి ఆదర్శంగా చూపించే ఘట్టం కాదు.

బాక్సింగ్‌లో గార్డు లేకుండా రింగులోకి రానివ్వరు. మనవాళ్లు దాన్ని గమ్‌షీల్డ్ అంటారు. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ విజేత అయిన ఈ ఆటలో ఎర్ర రంగు గమ్‌షీల్డ్ పనికిరాదు, నోట్లోంచి రక్తం వస్తే కనిపించదు కాబట్టి. తైక్వాండోలో తెల్లదో, పారదర్శకమైనదో వాడాలి. కొనేముందు రంగు సంగతి కోచ్‌ను అడిగితే డబ్బు వృథా కాదు. హాకీలో కర్ర, బంతి రెండూ ముఖం దాకా లేస్తాయి. ఖోఖోలో స్తంభం దగ్గర, బాస్కెట్‌బాల్‌లో బుట్ట కింద ఢీకొట్టుకోవడాలు ఎక్కువ. సైకిల్, స్కేటింగ్ హెల్మెట్లు నెత్తిని కాపాడతాయి, నోటిని కాదు. ఈతకొలను గట్టుకు పన్ను తగిలి విరగడమూ ఉంది. ఇక కర్రాబిళ్ల, తెలంగాణలో చిర్రగోనె అనేది, రెండు కొసలు చెక్కిన కర్రముక్కను గాల్లోకి లేపి కొట్టే ఆట. దీనికి ఏ సమాఖ్యా లేదు, నియమావళీ లేదు, గార్డు ఊసూ లేదు. ముఖానికి మాత్రం ప్రమాదకరమైన ఆటే. క్లిప్పులున్న పిల్లవాడు బిళ్లను పట్టుకోవడానికి ఎదురు నిలబడకుండా ఉంటే మేలు.

గార్డు ఎలా వచ్చింది

19వ శతాబ్దం చివరి దశాబ్దంలో లండన్ దంతవైద్యుడు వూల్ఫ్ క్రౌజ్ బాక్సర్ల పై పళ్లకు గట్టాపర్చా పట్టీలు అమర్చేవాడు. గట్టాపర్చా మలయా ప్రాంతపు చెట్టు పాల నుంచి వచ్చే పదార్థం, రూట్ కెనాల్ చేసిన పన్నును నింపడానికి నేటికీ అదే వాడతారు. పెదవులు పళ్లకు తగిలి చీలకుండా ఉండాలన్నది అతని ఉద్దేశం. అంటే మొదటి గార్డు పుట్టింది పళ్ల కోసం కాదు, పెదవుల కోసం. అతని కొడుకు ఫిలిప్ క్రౌజ్ దాన్ని తీసి పెట్టుకునేలా రబ్బరుతో మెరుగుపరిచాడు. టెడ్ ‘కిడ్’ లూయిస్ అనే బాక్సర్ దాన్ని వాడితే 1921లో ప్రత్యర్థి జాక్ బ్రిటన్ మేనేజర్ అది నిబంధనలకు విరుద్ధమని గొడవ చేశాడు. 1927లో జాక్ షార్కీతో పోరాడిన మైక్ మెక్‌టీగ్ గెలిచే దశలో ఉండి కూడా, తన పన్ను విరిగి ఆ అంచు పెదవిని కోసేయడంతో ఆట వదులుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత బాక్సర్లు గార్డును వింతగా చూడడం మానేశారు.

అమెరికాలో ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్‌లో 1962 నుంచి, కళాశాలల ఫుట్‌బాల్‌లో 1973 నుంచి గార్డు తప్పనిసరైంది. నియమం వల్ల ఏం జరుగుతుందో చూడాలంటే మాత్రం న్యూజిలాండ్ రగ్బీని చూడాలి. అక్కడ 1990ల చివర్లో దశలవారీగా గార్డును తప్పనిసరి చేశారు. ఆటల గాయాలకు కూడా పరిహారమిచ్చే ప్రభుత్వ బీమా ఆ దేశంలో ఉండడంతో లెక్క పక్కాగా దొరికింది. 1995–2003 మధ్య రగ్బీలో పళ్ల గాయాల క్లెయిములు 43 శాతం తగ్గాయి. తలకు తగిలే దెబ్బల సంగతి అలా కాదు. కొన్ని ఆటల్లో మెదడు అదురు కూడా తగ్గుతోందని కొత్త పరిశీలనలు సూచిస్తున్నా, పళ్ల విషయంలో ఉన్నంత గట్టి రుజువు అక్కడ లేదు. డబ్బా మీద ‘మెదడుకు రక్షణ’ అని రాసి అమ్మే గార్డు మాటను అంతగా నమ్మకండి.

ఏ గార్డు, ఎప్పుడు

బజారులో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది తయారుగా ఉన్న గార్డు, కొని నోట్లో పెట్టుకోవడమే. వదులుగా ఉంటుంది, దవడ బిగించి పట్టుకోవాలి. రెండోది వేడినీళ్లలో మెత్తబరిచి, నోట్లో పెట్టుకుని కొరికి, పళ్ల ఆకారానికి తెచ్చుకునేది. కొన్ని వందల రూపాయల్లో దొరికే ఈ రకాన్నే మన కోచ్‌లు ఎక్కువగా కొనిపిస్తారు. మూడోది దంతవైద్యుడు కొలత తీసుకుని చేయించేది. ధర ఎక్కువే గానీ నిలకడలో, ఊపిరిలో, మాటలో మిగతా రెండూ దానికి సాటిరావు.

క్లిప్పులున్న నోటికి రెండో రకంతో ఒక ప్రమాదముంది. మెత్తబడిన ప్లాస్టిక్ బ్రాకెట్ల రెక్కల కిందికి, తీగ సందుల్లోకి పోయి చల్లారితే అక్కడే బిగుసుకుంటుంది. గార్డు లాగితే బ్రాకెట్ కూడా ఊడొస్తుంది. ఊడకపోయినా, పళ్ల ఆకారానికి గట్టిగా బిగిసిన గార్డు, తీగ ఎటు లాగుతోందో దానికి ఎదురు పట్టుకుంటుంది. అందుకే క్లిప్పులున్నవారి కోసం ప్రత్యేకంగా సిలికాన్‌తో గార్డులు చేస్తారు. వాటిని మరగబెట్టక్కర్లేదు. లోపలివైపు బ్రాకెట్లు కూర్చోవడానికి వెడల్పైన గాడి ఉంటుంది. పళ్లు జరిగినా అదే గార్డు సర్దుకుంటుంది. పట్టు కాస్త తక్కువే, మాటకు కొంత అడ్డం. అయినా చికిత్స మొదటి నెలల్లో, పళ్లు వేగంగా వరుసలోకి వచ్చే దశలో, దీనికి మించిన సులువైన మార్గం లేదు. ఆ దశలో ఖరీదు పెట్టి కొలతకు చేయించినా కొద్ది వారాల్లోనే బిగుసుకుపోతుంది.

పళ్లు ఓ మేరకు వరుసకొచ్చి, లావు తీగలు వేసిన తర్వాత కొలత గార్డుకు సమయం వస్తుంది. అప్పుడు ఆర్థోడాంటిస్ట్ బ్రాకెట్లను మైనంతో కప్పి అచ్చు తీస్తారు, లేదా స్కానర్‌తో తీస్తారు. అచ్చు నుంచి వచ్చిన రాతి నమూనా మీద బ్రాకెట్లున్న చోట, పళ్లు ఇక ముందు జరగబోయే వైపున, కాస్త అదనంగా పూత పూసి ఎత్తు పెంచుతారు. ఆ ఎత్తే రేపు గార్డు లోపల ఖాళీ అవుతుంది, పన్ను జరగడానికి చోటు దొరుకుతుంది. ఆ నమూనా మీద ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే రబ్బరు లాంటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి గాలి ఒత్తిడితో అతికిస్తారు, చాలాసార్లు రెండు పొరలుగా. పెదవి వైపు 3–4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. అంతకన్నా పలచనైతే దెబ్బను పీల్చుకోదు, మరీ లావైతే పెదవి మూతపడదు. అంగిలి వైపు పలచగా ఉంటేనే మాట స్పష్టంగా వస్తుంది. ఈ పనికి కావలసిన యంత్రం, చికిత్స తర్వాత పళ్లు జరగకుండా పెట్టుకునే రిటైనర్లు చేసే ఏ దంత ల్యాబులోనైనా ఉంటుంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ఉన్న ప్రభుత్వ దంత కళాశాలల వంటి చోట్ల ప్రైవేటుకన్నా తక్కువ ఖర్చులో చేయించుకునే వీలుందేమో అడిగి చూడవచ్చు.

గార్డు మామూలుగా పైవరుసకే వేస్తారు. కింది దవడ ముందుకొచ్చి ఉన్న పిల్లలకు కిందివరుసకు వేయడం మంచిది. కింది పళ్లకు కూడా బ్రాకెట్లుంటే ఆ లోహం కింది పెదవిని కోస్తుంది కాబట్టి బాక్సింగ్, కబడ్డీ, రగ్బీ లాంటి ఆటల్లో రెండు వరుసలనూ కప్పే గార్డు అడగాలి. నోరు తెరిచినా జారిపడకుండా, కోచ్ పిలిస్తే పలకగలిగేలా, పరిగెత్తుతూ ఊపిరి తీసుకోగలిగేలా ఉంటే అది సరిపోయినట్టు. ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి నోటితోనే ఊపిరి పీల్చే పిల్లలు ఏ గార్డునూ భరించలేరు. వాళ్లను ముందు చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి.

తీగ మార్చడానికి 4–8 వారాలకోసారి ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి ఎలాగూ వెళ్తారు. ఆ రోజు గార్డును కూడా పట్టుకెళ్లి నోట్లో పెట్టి చూపించాలి. వదులైందా, బిగుసుకుందా, చిరిగిందా అని ఆయన ఒక్క నిమిషంలో చెప్పేస్తారు. ఇంకో సంగతి కూడా ఉంది. పిల్లలు గార్డును నములుతారు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టెఫెన్ కరీ గార్డును పెదవి పక్కన వేలాడేసి నములుతూ ఫ్రీత్రోలు వేయడం చూసి ఆ అలవాటు చేసుకున్నవారు మన అకాడమీల్లోనూ కనిపిస్తారు. నమిలిన చోట గార్డు పలచనై పనికిరాకుండా పోతుంది. ఆటయ్యాక చన్నీళ్లతో కడిగి, మెత్తని బ్రష్‌తో రుద్ది, గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి. మే నెల ఎండలో నిలిపిన కారులోనో, స్కూటర్ డిక్కీలోనో వదిలేస్తే ఆకారం మారిపోతుంది. అన్న గార్డును తమ్ముడికి వాడకూడదు.

తీసి పెట్టుకునే పరికరాలున్నవారికి సంగతి వేరు. పారదర్శక అలైనర్లు రోజుకు 20–22 గంటలు పెట్టుకోవాలి, కానీ ఆట సమయంలో వాటిని తీసి గార్డు వేసుకోవాలి. అలైనరే గార్డులా పనిచేస్తుందనుకోవడం పొరపాటు, అది పలచని గట్టి ప్లాస్టిక్, దెబ్బకు పగిలి గుచ్చుకుంటుంది. ట్విన్‌బ్లాక్ వంటి దవడ పెంచే పరికరాలనూ, రిటైనర్లనూ ఢీకొట్టే ఆటల్లో, ఈతలో తీసేయాలి. తలకు పట్టీతో ఉండే హెడ్‌గేర్‌ను వేసుకుని ఏ ఆటా ఆడకూడదు, దాన్ని ఎవరైనా లాగి వదిలితే కంటికే ప్రమాదం. అంగిలిని వెడల్పు చేయడానికి అతికించిన ఎక్స్‌పాండర్ తీయడానికి రాదు, దాన్ని కలుపుకుని గార్డు చేయించాలి. బ్రాకెట్లకు అంటించే మైనం పుండు పడిన చోట ఉపశమనానికి మాత్రమే. దాన్ని గార్డుకు బదులు వాడకూడదు.

దెబ్బ తగిలితే

పళ్లకన్నా ముందు తలను చూడాలి. స్పృహ తప్పినా, వాంతి అయినా, మాట తడబడినా, జరిగింది గుర్తులేకపోయినా నేరుగా ఆసుపత్రికే. అక్కడ నోట్లో లోహపు క్లిప్పులున్నాయని ముందే చెప్పాలి. ఎమ్మారై చిత్రంలో ముఖం చుట్టుపక్కల భాగం ఆ లోహం వల్ల చెదిరి కనిపిస్తుంది.

తర్వాత పళ్లు లెక్కపెట్టండి. ఒకటి తగ్గి, నేలమీదా దొరకకపోతే అది మింగి ఉండవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు, చీలిన పెదవిలోనే ఇరుక్కుని ఉండవచ్చు. ఊడిన బ్రాకెట్‌కూ ఇదే వర్తిస్తుంది. దగ్గు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకూడదు. చీలిన పెదవిని కుట్టేముందు లోపల పన్ను ముక్క లేదని ఎక్స్‌రేలో చూసుకోవాలి. విరిగిన ముక్క దొరికితే పాలలోనో నీళ్లలోనో వేసి తీసుకెళ్తే దాన్ని తిరిగి అతికించే అవకాశం ఉంటుంది.

శాశ్వత పన్ను వేరుతో సహా ఊడివస్తే గడియారం చూసుకుంటూ పనిచేయాలి. అంతర్జాతీయ దంత గాయాల సంఘం 2020లో సవరించిన మార్గదర్శకాల సారమిది. పన్నును తెల్లగా కనిపించే భాగం దగ్గర పట్టుకోవాలి, వేరును తాకకూడదు. మట్టి అంటితే పాలతోనో, సెలైన్‌తోనో, పిల్లవాడి ఉమ్మితోనో మెల్లగా కడగాలి. రుద్దకూడదు, గుడ్డతో తుడవకూడదు. వెంటనే అదే గుంటలో సరైన వైపు తిప్పి కూర్చోబెట్టి, మడిచిన చేతిరుమాలు కొరికించి పట్టుకోమనాలి. అప్పటికప్పుడు చేయగలిగితే దీన్ని మించిన వైద్యం లేదు. ధైర్యం చాలకపోతే పన్నును చల్లని పాలలో వేసి దంతవైద్యుడి దగ్గరికి పరిగెత్తాలి. పాలు దొరకకపోతే పిల్లవాడి ఉమ్మిని ఒక గ్లాసులో పట్టి అందులో ఉంచాలి, ఆ తర్వాతి స్థానం సెలైన్‌ది. మంచినీళ్లు మంచి మాధ్యమం కాదు గానీ, ఎండిపోనివ్వడం కన్నా నయం. పన్ను ఊడిన పావుగంటలోపు తిరిగి గుంటలోకి చేరితే వేరుమీది కణాలు బతికే అవకాశాలు బాగుంటాయి, పొడిగా గంట దాటితే చచ్చిపోయినట్టే లెక్క. మన ఊళ్లలో పాల ప్యాకెట్ దొరకని వీధి ఉండదు కాబట్టి కనీసం ఈ ఒక్క విషయంలో వనరుల కొరత సాకు కాదు. కొబ్బరినీళ్లు కూడా పనికొస్తాయా అని మన దేశంలోనూ ప్రయోగశాల పరీక్షలు జరిగాయి, ఫలితాలు ఒక్కతీరుగా రాలేదు. అందుకని పాలే ముందు. పెరుగు, మజ్జిగ పులుపు వల్ల వేరు కణాలకు చేటు. గుంటలో పసుపు నింపకూడదు. ధనుర్వాతం టీకా సంగతి వైద్యుణ్ని అడగాలి.

పాలపన్ను అయితే ఈ హడావుడేమీ వద్దు. దాన్ని తిరిగి పెట్టకూడదు, పెడితే కింద ఎదుగుతున్న శాశ్వత పన్నుకు హాని. దాన్ని ఆనవాయితీ ప్రకారం ఇంటి కప్పు మీదికి విసిరేసుకోవచ్చు. పదకొండేళ్ల పిల్లవాడి నోట్లో రెండు రకాల పళ్లూ ఉంటాయి కాబట్టి అనుమానమైతే శాశ్వతమనే అనుకుని దంతవైద్యుడికి చూపించండి.

పన్ను ఊడలేదు గానీ లోపలికి దిగిపోయింది, పక్కకు ఒరిగింది, తీగ వంగింది. అప్పుడు తీగను చేత్తో సరిచేయబోకండి. గుచ్చుకుంటున్న తీగ కొసను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా పంటివైపు నొక్కి, మైనమో శుభ్రమైన దూదో అడ్డం పెట్టి, ఆర్థోడాంటిస్ట్‌కు ఫోన్ చేయండి. పెదవి బ్రాకెట్‌కు చిక్కుకుంటే ఒక్కసారిగా లాగకుండా నెమ్మదిగా విడిపించాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఒత్తిపట్టి, బయట మంచుగడ్డ పెట్టాలి.

తిరిగి చికిత్సలోకి

దెబ్బతిన్న పన్నును కొన్నాళ్లు కదలకుండా కట్టి ఉంచాలి, ఊడి తిరిగి పెట్టిన పన్నుకైతే మామూలుగా రెండు వారాలు. క్లిప్పులున్నవారికి ఇక్కడ ఒక వెసులుబాటు. ఉన్న బ్రాకెట్లకే, లాగుడు లేని సన్నని తీగ వేస్తే అదే కట్టులా పనిచేస్తుంది. ఆ తర్వాత పన్నును మళ్లీ ఎప్పుడు జరపాలన్నది గాయాన్ని బట్టి ఉంటుంది. చిన్న దెబ్బకు కనీసం మూడు నెలలు, పెద్ద దెబ్బకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగుతారు. తొందరపడితే వేరు కరిగే ప్రమాదం పెరుగుతుంది. వేరు ఎదుగుదల పూర్తయ్యాక ఊడి తిరిగి నాటిన పన్నుకు రెండు వారాల్లోపు రూట్ కెనాల్ మొదలుపెడతారు. కొన్నిసార్లు నాటిన పన్ను ఎముకతో ఏకమైపోతుంది. అప్పుడు ఏ తీగా దాన్ని జరపలేదు, పిల్లవాడు ఎదుగుతుంటే పక్క పళ్లు కిందికి దిగుతాయి, అది మాత్రం ఉన్నచోటే ఉండి పొట్టిగా కనిపిస్తుంది. చికిత్స ప్రణాళిక మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని వేల రూపాయల గార్డును ఖర్చనుకుని పక్కన పెట్టేవారు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

మన బడుల్లో పళ్ల రక్షణ సంగతి వ్యాయామ ఉపాధ్యాయుడి పని అని ఎవరూ అనుకోరు, ఆర్థోడాంటిస్ట్ దగ్గరికెళ్తే ‘ఏ ఆట ఆడతావు బాబూ’ అన్న ప్రశ్న చాలాచోట్ల రాదు. ఇద్దరూ అడగకపోతే తల్లిదండ్రులే చెప్పాలి. క్లిప్పులు వేయించుకునే మొదటి రోజునే పిల్లవాడు ఆడే ఆటలన్నీ చెప్పి గార్డు గురించి అడగండి. క్లిప్పులు తీసేసిన రోజున నోటి ఆకారం మళ్లీ మారుతుంది, పాత గార్డు ఇక సరిపోదు. రిటైనర్‌కు కొలత తీసేటప్పుడే కొత్త గార్డుకూ కొలత తీయమనండి.